ఒప్పుకోలు శనివారం

మా గుడిలో మూడు నెలలకొకసారి బల్ల ఆదివారం వచ్చేది. రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఆదివారం అన్నమాట. దానికి ముందురోజు, శనివారం సాయంత్రం నాలుగింటికి, సిద్ధపాటు కూటం. ఆ కూటంలో పెద్దవాళ్ళందరూ ఒక్కొక్కరే లేచి నిలబడి తమ పాపం పైకి చెప్పాలి. చెప్పినవాళ్ళకి సంఘ పెద్ద ఒక చీటీ ఇస్తాడు. మర్నాడు గుమ్మం దగ్గర ఆ చీటీ చూపిస్తేనే బల్ల దగ్గరికి రానిస్తారు. ఈ పద్ధతి ఏ దొర పెట్టాడో నాకు తెలియదు. దొరలు దాన్ని మానేసి చాలా కాలమైందని మాత్రం విన్నాను. వాళ్ళు విప్పి పారేసిన కోటు తొడుక్కుని తిరగడం మావాళ్ళకి గౌరవం.

అవి యుద్ధం రోజులు. బియ్యానికి కార్డు, చక్కెరకి కార్డు, కిరసనాయిలుకి కార్డు. దేవుడి దగ్గరికి పోవడానికి కూడా ఒక చీటీ ఉందంటే బెంగుళూరులో ఎవరికీ వింతగా అనిపించలేదు. మేముండేది పేటలో, మగ్గాల వీధిలో. గుడి ఉండేది పటాలాలు దిగిన దండులో. అమ్మా నేనూ చెప్పులు చేత్తో పట్టుకుని, దండు రోడ్డు వచ్చాక కాళ్ళు దులుపుకుని తొడుక్కుని, సిగ్గుపడడానికి రెండు మైళ్ళు నడిచి పోయేవాళ్ళం.

సంఘ పెద్ద గురించి చెప్పాలి. మిలిటరీ సామాన్ల ఆఫీసులో పెద్ద గుమాస్తాగా చేసి పించను పుచ్చుకున్నవాడు. ఎండాకాలమైనా నల్ల కోటు మెడ దాకా గుండీలు పెట్టుకుని, చెమటలు కక్కుతూ కూర్చునేవాడు. ఆ చెమట కూడా భక్తేనని మావాళ్ళ నమ్మకం. పుట్టింది కోలారు పక్క పల్లెలో. ఇంట్లో పెళ్ళాంతో మాట్లాడితే మా అందరి భాషే. గుడి గడప దాటాడంటే మాత్రం ‘యున్నది’, ‘చేయవలెను’ అని అచ్చు పుస్తకంలా పలికేవాడు. దేవుడికి మన మాట అర్థం కాదని ఆయనకెవరో చెప్పినట్టుంది. ఇన్నేళ్ళలో ఆయన పాపం ఏమిటో మేమెవ్వరం వినలేదు. చీటీలు ఇచ్చేవాడికి చీటీ ఎందుకు?

ఇక మావాళ్ళు! పాపాలు చెప్పడంలో ఆరితేరిపోయారు. ఒకాయన నేను పుట్టకముందే కల్లు మానేశాడు. అయినా మూడు నెలలకొకసారి మా అందరినీ ఆ కల్లంగడికి నడిపించేవాడు. ఏ సందు తిరగాలో, ముంత ఎంత చల్లగా ఉండేదో, నురగ ఎంత ఎత్తు లేచేదో చెబుతుంటే ఆయన కళ్ళు మెరిసేవి. వింటున్న మగవాళ్ళు గుటకలు మింగేవాళ్ళు. ఒకావిడ ‘నా పాపం’ అని మొదలుపెట్టి, కోడలి పాపాలన్నీ చెప్పి, కళ్ళు తుడుచుకుని కూర్చునేది. ఆ కోడలు పక్కనే తలొంచుకుని ఉండేది. ఇంకొకాయన ప్రార్థనలో కునుకు తీశానని చెప్పేవాడు, ఆ మాట చెబుతూ కూడా ఆవులించేవాడు. అందరికీ చీటీలు దొరికేవి. అందరూ తేలికపడ్డ మొహాలతో బయటికొచ్చి, చింతచెట్టు కింద నిలబడి ఒకరి పాపం గురించి ఇంకొకరు గుసగుసలాడుకునేవాళ్ళు. దీన్ని మావాళ్ళు ఆత్మీయ జీవితం అనేవాళ్ళు.

ఇందులో నిజంగా ఏడ్చేది మా అమ్మ ఒక్కతే.

మా నాన్న మగ్గం నేసేవాడు. మిషను ఆసుపత్రిలో పడి లేచాక క్రైస్తవుడయ్యాడు. అమ్మ ఆయన వెంట వచ్చింది. దేవనహళ్ళిలో ఉన్న అమ్మ పుట్టింటివాళ్ళు అంతటితో రాకపోకలు మానేశారు. నాకు నాలుగేళ్ళు నిండకముందే నాన్న జ్వరంతో పోయాడు. అప్పటికి నా తమ్ముడు పాలు తాగే పిల్లవాడు. ఆ ఎండాకాలమే నాకూ వాడికీ మశూచి పోసింది. ఒకే చాపమీద, ఒకే వేపాకు పరుపుమీద ఇద్దరం పడుకున్నామట.

గుడివాళ్ళు ఒక్కరంటే ఒక్కరు మా వీధి మొహం చూడలేదు. భయం. దాన్ని నేను తప్పుపట్టను, మశూచికి ఎవరైనా భయపడతారు. కాకపోతే ఆ భయాన్ని ఏ శనివారమూ ఏ ఒక్కరూ లేచి నిలబడి ఒప్పుకోలేదు. వచ్చింది పక్కింటి అవ్వ. బొట్టు, కట్టు, మడి అన్నీ ఉన్న నేతగాళ్ళ ముసలమ్మ. గంజి కాచింది, పుళ్ళమీద వేపాకు విసిరింది, అమ్మని రెండు గంటలు పడుకోనిచ్చింది. ఐదో రోజు ఇద్దరం కళ్ళు తెరవకపోయేసరికి, ‘మారెమ్మకి అంబలి పోసి రావే, బిడ్డల్ని ఇచ్చి పోతాది’ అంది. అమ్మ పోయింది. కుండలో అంబలి, చేతిలో వేపకొమ్మ పట్టుకుని వీధి చివర మారెమ్మ రాయి దగ్గరికి పోయి, పోసి, మొక్కి వచ్చింది.

నేను బతికాను. తమ్ముడు పోయాడు.

అమ్మ ఆ పని చేస్తుండగా గుడివాళ్ళెవరూ చూడలేదు. చెప్పకపోతే ఈ లోకంలో ఎవరికీ తెలిసేది కాదు. అమ్మకి అబద్ధం ఆడడం చేతకాదు, అదే ఆమె కొంప ముంచింది. ఆ తరువాత వచ్చిన సిద్ధపాటు కూటంలో తానే లేచి నిలబడి, ఏడుస్తూ, ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. అప్పుడు సంఘ పెద్ద గొంతు సవరించుకుని తీర్పు చెప్పాడు. నీ అవిశ్వాసమునకు శిక్షగా దేవుడు కుమారుని తీసుకొనెను, కృపచేత కుమార్తెను విడిచెను అన్నాడు. ఒకే చాపమీద పడుకున్న ఇద్దరు పిల్లల్లో ఒకరు శిక్ష, ఒకరు కృప. ఎంత సులువుగా తేల్చేశాడో చూడండి. ఆఫీసులో బూట్లు ఒక పక్క, బెల్టులు ఒక పక్క పెట్టించిన చెయ్యి కదా.

ఒకసారి చెప్పి ఊరుకుంటే సరిపోయేది. అయితే మా గుడిలో పాపానికి పెద్దా చిన్నా ఉండేవి. చిన్న పాపాలు మారుతుండేవి. పెద్ద పాపం ఉన్నవాళ్ళు ప్రతిసారీ దాన్నే చెప్పాలి, లేకపోతే మరిచిపోయారని అర్థం, మరిచిపోతే గర్వం వచ్చిందని అర్థం. మా సంఘంలో అంత పెద్ద పాపం ఇంకెవరికీ లేదు. కల్లు ఆయనకి కూడా మా అమ్మ పాపమంటే లోలోపల అసూయ ఉండేదని నా అనుమానం. మూడు నెలలకొకసారి అమ్మ నిలబడేది. నా తమ్ముణ్ణి మళ్ళీ చంపుకుని, చీటీ తీసుకుని కూర్చునేది.

ఇప్పుడు నా సంగతి. నేనేదో ఒడ్డున నిలబడి నవ్వినదాన్ని అనుకోకండి. నాకు పదేళ్ళప్పుడు, మిషను బడిలో చదువులో మొదటిదాన్ని. అమ్మ మాట మోటుగా ఉందని, ఒప్పుకోలు సభామర్యాదకు తగినట్లుండవలెనని సంఘ పెద్ద నన్ను పిలిచి ఒక వాక్యం రాయించాడు. దాన్ని నేను అమ్మకి నేర్పాలి. ‘అవిశ్వాసినై, విగ్రహమునకు మ్రొక్కి, నా కుమారుని మరణమునకు కారణమైన ఘోరపాపిని నేను’ అని ఆ వాక్యం. వారం రోజులు నేర్పాను. అమ్మ మగ్గాలకి పట్టు కండెలు చుడుతుంటే ఎదురుగా కూర్చుని, తప్పు పలికినచోటల్లా ఆపి మళ్ళీ మొదటినుంచి చెప్పించాను. ‘మరణమునకు’ దగ్గర అమ్మ ప్రతిసారీ ఆగిపోయేది. నేను విసుక్కున్నాను. ఆ శనివారం అమ్మ ఒక్క తప్పు లేకుండా చెప్పింది. సంఘ పెద్ద నన్ను దగ్గరికి పిలిచి, తల నిమిరి, గొర్రెపిల్లల బొమ్మ ఉన్న రంగు కార్డు ఇచ్చాడు. నేను దాన్ని గోడకి అంటించుకున్నాను. నా జీవితంలో నేను అసహ్యించుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ పదేళ్ళ పిల్ల కంటే పైన ఎవర్నీ పెట్టలేదు.

పదిహేడేళ్ళు వచ్చేసరికి నేను దండులో ఒక షెడ్డులో మిలిటరీ చొక్కాలకి కాజాలు కుట్టేదాన్ని. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా కాజా తరువాత కాజా. చేతికి పని ఉన్నా బుర్రకి ఖాళీ ఉండేది. ఆ ఖాళీలో నా నోటికి పదును వచ్చింది. సంఘ పెద్ద నడక, దగ్గు, ‘యున్నది’ అన్నీ అచ్చం దింపి చూపిస్తే షెడ్డులో ఆడవాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు. నేను తెలివైనదాన్నని, వాళ్ళ బూటకం చూసేశానని, దానితో నా పని అయిపోయిందని అనుకునేదాన్ని. ఆదివారం మాత్రం మామూలుగా పోయి, మామూలుగా బెంచీ మీద కూర్చునేదాన్ని.

ఆ రోజుల్లోనే మా గుడికి కొత్త పాస్టరు అయ్యగారు వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఎవరైనా గట్టిగా మాట్లాడితే కళ్ళార్పే మనిషి. పెద్ద మాటకారి కాడు. ఒక ఆదివారం మనసు కొత్తదవడం గురించి చెప్పాడు. మనసు కొత్తదైతే మనిషి కొత్తవాడవుతాడని, దేవుడు మాఫీ చేసినదాన్ని మనం తవ్వి తీసి మళ్ళీ మోసుకుంటే అది భక్తి కాదని, ఆయన మాట మీద మనకి నమ్మకం లేకపోవడమని నెమ్మదిగా, నేల చూపులు చూస్తూ చెప్పాడు. నేను ఆ రోజు మొదటిసారి గుడిలో నిటారుగా కూర్చున్నాను.

ఏం లాభం? ప్రసంగం అయీ అవకముందే సంఘ పెద్ద లేచి నిలబడ్డాడు. అయ్యగారి మాట అందరికీ బోధపడినదా అని అడిగాడు. బోధపడలేదని తానే నిర్ణయించి, తానే బోధించాడు. మనసు కొత్తది కావలెనన్న పాతదంతయు వెలుపలికి రావలెను. కాబట్టి వచ్చే శనివారం ప్రతివారును అన్నిటికంటె పాత పాపముతో ప్రారంభింపవలెను. అయ్యగారు నోరు తెరిచాడు, మళ్ళీ మూసుకున్నాడు. జనమంతా తలలూపారు. కల్లు ఆయన మొహం విప్పారింది, కల్లంగడికి ముందు కూడా ఆయనకేవో చరిత్రలు ఉన్నట్టుంది. ఒక మనిషి తలుపు తెరిస్తే, ఇంకొకడు దానికి తాళం బిగించి ఇదే తలుపు తెరవడమంటే, ఔనౌనన్న మందని నేను కళ్ళారా చూశాను.

గుమ్మం దగ్గర సంఘ పెద్ద నన్ను ఆపాడు. నాకు పదిహేడేళ్ళు నిండాయి గనుక ఈసారి నేనూ బల్లకి రావచ్చు, దానికి ముందు నేనూ ఒప్పుకోవాలి.

‘నేనేం ఒప్పుకోవాలండీ?’ అన్నాను.

‘నీ నిమిత్తమే నీ తల్లి పడిపోయినది. నీ ప్రాణము కొరకే విగ్రహమునకు మ్రొక్కినది. నీవు అనుభవించుచున్న బ్రదుకు ఆ పాపఫలము. అది నీవు ఒప్పుకొనవలెను.’

అంటే నేను బతికినందుకు లేచి నిలబడి క్షమాపణ అడగాలి. షెడ్డులో అంత నోరున్నదాన్ని, అక్కడ తలొంచుకుని సరేనన్నాను.

ఇంటికొచ్చాక మాత్రం నోరు లేచింది. అమ్మ రాట్నం ముందు కూర్చుని పట్టు చుడుతోంది. మగ్గాల యజమాని మర్నాటికల్లా కండెలు కావాలన్నాడు, ఆదివారమని ఆగేవాడు కాదు. నేను వంటింట్లోకీ వసారాలోకీ తిరుగుతూ సంఘ పెద్దని ఆయన కోటునీ దగ్గునీ కలిపి తిట్టాను. నన్ను ఒప్పుకోమన్న మాట గురించి కూడా చెప్పాను. అమ్మ చెయ్యి ఆగి, మళ్ళీ కదిలింది.

‘అయ్యగారు ఏం చెప్పినారు? ఇంకొకతూరి చెప్పు’ అంది.

చెప్పాను. రెండోసారి చెప్పమంది. మళ్ళీ చెప్పాను. మూడోసారి చెబుతుంటే పట్టుపోగు తెగింది. అమ్మ రెండు కొనలూ నాలుకతో తడిపి, వేళ్ళమధ్య మెలేసి అతికింది. రాట్నం మళ్ళీ తిరిగింది.

‘పోగు తెగితే ఏం చేస్తాము? అతికి చుట్టుకుంటా పోతాము’ అంది, నాతోనో తనతోనో. ‘అతికిన కాడ దినామూ గిల్లి గిల్లి చూస్తే ఏమవుతాది? నిలుస్తాదా అది?’

‘అదేకదా నేను చెప్పేది! ఆ ముసలాయన...’

‘నువ్వు సుమ్మనుండు మే’ అని అమ్మ నా నోరు మూయించింది. ‘నువ్వు చెప్పేది అది కాదు. నువ్వు పొద్దు లేస్తే ఆయప్పని తిడతా ఉండావు. నేను పొద్దు లేస్తే ఆయప్పకి భయపడతా ఉండాను. ఇద్దరమూ ఆయప్ప చుట్టే తిరగతా ఉండాము. నాకు బేజారయిపోయిందే.’

నాకు కోపం వచ్చింది. నన్ను తీసుకుపోయి ఆ మంద పక్కన నిలబెట్టినట్టనిపించింది. అమ్మ అన్నది నిజమని ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఒప్పుకున్నాక కూడా నా నోరు మారలేదు, ఈ రాత చూస్తే మీకే తెలుస్తుంది.

ఆ వారమంతా నేను కాజాలు కుడుతూ నా ఒప్పుకోలు వాక్యం తయారు చేసుకున్నాను. అవును, తయారు చేసుకున్నాను. తిట్టినంతా తిట్టి, నవ్వినంతా నవ్వి, చివరికి నేను చేసింది అది. బల్ల దగ్గరికి పోవాలని ఉండింది. నా ఈడు పిల్లలందరూ తెల్లచీరలు కట్టుకుని పోతుంటే నేనొక్కదాన్నే వెనకబెంచీ మీద మిగిలిపోతానేమోనని భయం. నాలుగు మంచి పుస్తకాల మాటలు ఏరి, ‘నా బ్రదుకే నా తల్లి పతనమునకు నిమిత్తము’ అని కూర్చుకున్నాను. అది బాగా కుదిరిందని లోపల కొంచెం సంతోషించాను కూడా.

శనివారం నాలుగైంది. కల్లు ఆయన కల్లంగడికి ముందటి చరిత్ర తీసి, చిన్నప్పుడు దొంగిలించిన జామకాయల దగ్గర్నించి మొదలుపెట్టాడు. అత్తగారు కోడలు కాపురానికొచ్చిన మొదటిరోజు దగ్గర్నించి మొదలుపెట్టింది. ఆవులింతలాయన ఆవులించాడు. అయ్యగారు ఒక మూల కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ తరువాత సంఘ పెద్ద నా వైపు చూసి తలాడించాడు.

లేచాను. ‘అవిశ్వాసియైన తల్లికి కుమార్తెనై, నా బ్రదుకే...’ అన్నాను.

‘ఆపు మే’ అంది అమ్మ.

గుడిలో అమ్మ గొంతు అంత గట్టిగా ఎవరూ వినలేదు. నా మోచెయ్యి పట్టి బెంచీ మీద కూర్చోబెట్టింది. తాను లేచింది. చీర కొంగు భుజం చుట్టూ లాక్కుని సంఘ పెద్ద మొహంలోకి సూటిగా చూసింది.

‘అయ్యా, నేను మారెమ్మ కాడికి పోయినాను. అంబలి పోసినాను. నా బిడ్డలు కండ్లు తెరవకపోతే భయమై పోయినాను. అది తప్పు. తప్పని నేనే వచ్చి చెప్తిని, ఎవరూ చూసి చెప్పలేదు. పదమూడేండ్లు అయింది. దేవుడు మొదటిసారే విన్నాడు. ఆయనకేం చెవుడు లేదు. మళ్ళా మళ్ళా చెప్పించుకునేది మీరే.’

‘అమ్మా, ఇది అహంకారము...’

‘ఉండప్పా, చెప్పనీ. నా కొడుకు రోగంతో పోయినాడు. నా వల్ల పోలేదు. నేను వాణ్ణి చంపలేదు. ఆ మాట నేర్పించి నాతో చెప్పిస్తిరి, చెప్తిని. ఇంక చెప్పను. ఇదిగో నా కూతురు బతికి ఉండాది. బిడ్డ బతికినందుకు సంతోషపడాల గానీ, లేచి తప్పయిందని చెప్పేదేంది? ఇది చెప్పదు. నేను చెప్పనీను.’

అత్తగారి నోరు తెరిచినది తెరిచినట్టే ఉంది. సంఘ పెద్ద మొహం నల్లకోటు మీద ఎర్రబడింది. పశ్చాత్తాపము లేనివారికి చీటీ ఇవ్వజాలనని అన్నాడు.

‘ఇవ్వద్దులేప్పా’ అంది అమ్మ, కూరగాయలవాడితో అన్నట్టు. నా చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

దారిలో నేను ఏడ్చాను. అమ్మ ఏడవలేదు. రెండు మైళ్ళూ నా చెయ్యి వదల్లేదు. నాకు సిగ్గుగా ఉంది. అమ్మ గురించి కాదు. నేను ఏరి కూర్చిన ఆ మంచి మాటల గురించి.

ఆదివారం పోతామని నేను అనుకోలేదు. అమ్మ పొద్దున్నే తలంటుకుని, ఉన్న ఒక్క తెల్లచీర నాకు కట్టి, తాను ఉతికిన పాతచీర కట్టుకుని బయల్దేరింది. గుమ్మం దగ్గర చీటీలు చూస్తున్న సంఘ పెద్ద చెయ్యి అడ్డం పెట్టాడు. వెనకబెంచీ మీద కూర్చోవచ్చు, బల్ల దగ్గరికి రాకూడదు అన్నాడు. అమ్మ సరేనని వెనకబెంచీ మీద కూర్చుంది. పాటలు మామూలుగా పాడింది. నా చుట్టూ తలలు తిరిగి తిరిగి మమ్మల్ని చూశాయి. పదమూడేళ్ళుగా ఆమె ఏడుపు చూడడానికి అలవాటుపడ్డ కళ్ళు అవి. ఆ రోజు వాటికి ఏమీ దొరకలేదు.

ముందు బెంచీలవాళ్ళు పోయి వచ్చారు. రొట్టె పళ్ళెం తీసుకుని అయ్యగారు బల్ల దగ్గర కాసేపు నిలబడ్డాడు. తరువాత నడవా వెంట వెనక్కి రాసాగాడు. మధ్యలో ఆగి సంఘ పెద్ద మొహం చూశాడు. నేను ఆయన్ని కూడా వదిలిపెట్టను. మనసు కొత్తదవడం గురించి చెప్పిన మనిషి, కొత్త పని చేయడానికి ముందు పాత గుమాస్తా మొహం చూశాడు. కళ్ళార్పాడు. అయినా వచ్చాడు. అంతమందిలో వచ్చింది ఆయనొక్కడే గనుక, నా దగ్గర ఉన్న కాస్త గౌరవం ఆయనకి ఇచ్చేస్తున్నాను. పళ్ళెం అమ్మ ముందు చాపాడు. అమ్మ రొట్టెముక్క తీసుకుంది. అది గోరంత ఉంది. దాన్ని రెండుగా విరిచి సగం నా చేతిలో పెట్టింది. ముందువైపు నుంచి దగ్గు వినిపించింది. అమ్మ తల కూడా తిప్పలేదు.

ఆ తరువాత సంఘంలో ఏం జరిగిందని అడిగితే, పెద్దగా ఏమీ జరగలేదు. శనివారాలు సాగాయి. కల్లు ఆయన చనిపోయేదాకా ఆ ముంత వదల్లేదు. మేము శనివారాలకి పోవడం మానేశాం, ఆదివారాలు పోతూనే ఉన్నాం. మందకి కొత్త మనసు రాలేదు. ఒక్క మనిషికి వచ్చింది, అది నా కళ్ళముందే వచ్చింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తిన్నాక అమ్మ రాట్నం ముందు కూర్చోలేదు. వసారాలో గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చుంది. నేను చీర నలగకుండా విప్పి మడత పెడుతున్నాను. అమ్మ ఉన్నట్టుండి నవ్వింది.

‘వాడు ఎట్ల నవ్వేవాడు తెలుసునా?’ అంది. ‘ఒకపక్కే నవ్వేవాడు. కింద రెండు పండ్లే ఉండె. నువ్వు ఎక్కడ పోతే అక్కడ పాకతా వచ్చేవాడు. నీ పావడ అంచు పట్టుకుని లేచి నిలబడేది, నువ్వు ఒక అడుగు ఎత్తి పెడితే ధబ్బుమని కూలబడేది. ఏడిస్తే కదా! మళ్ళా నవ్వేది. నువ్వేమో, అమ్మా వీడు నన్ను పోనీడు అని నాకు వచ్చి చాడీలు చెప్పేదానివి.’

నేను మడత పెడుతున్న చీర ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయాను. ఆ ఇంట్లో వాడి గురించి నేను విన్నది ఒక్కటే వాక్యం. దాన్ని అమ్మకి నేర్పింది నేనే. అందులో వాడికి పళ్ళు లేవు, నవ్వు లేదు. అమ్మ వాణ్ణి తలుచుకోవాలంటే ముందు తాను చంపానని ఒప్పుకోవాలి, అందుకే తలుచుకోవడమే మానేసింది. ఆ కోటు పెద్దమనిషి మా దగ్గర ఏం పట్టుకుపోయాడో నాకు అప్పుడు అర్థమైంది.

‘ఇంకా చెప్పమ్మా’ అన్నాను.

అమ్మ చెప్పింది. వాడికి ఉప్పు వేసిన రాగిజావ ఇష్టమట, బెల్లం వేస్తే ఉమ్మేసేవాడట. నిద్రపోయేటప్పుడు నా చెవి పట్టుకునేవాడట. పొద్దు వాలేదాకా చెబుతూనే ఉంది, మధ్యలో ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. తమ్ముడు చచ్చిపోయాడని నాకు ఊహ తెలిసినప్పటినుంచీ తెలుసు. నాకొక తమ్ముడు ఉండేవాడని ఆ సాయంత్రమే తెలిసింది.